అంచు తవ్వని చెరువు

నీళ్ళు లేని జిల్లాలో చేపల ఆఫీసరు

ఉద్యోగం వచ్చిందని చెప్పినప్పుడు మా నాయన మగ్గం గుంతలోంచి కాళ్ళు బయటికి తీయకుండానే నవ్వాడు. మాది ధర్మవరం, పట్టుచీరలు నేసే ఇల్లు. "నీళ్ళే ల్యాని జిల్లాలో చేపల ఆఫీసరా? జీతం నెలనెలా ఇస్తారా, వానొస్తేనే ఇస్తారా?" అని అడిగాడు. ఇంట్లో అందరూ నవ్వారు. నాకు మాత్రం ఒళ్ళు మండింది. అయితే ఆయన అన్నదాంట్లో సగం నిజమే. నా సర్వీసులో చాలా భాగం ఎండిపోయిన చెరువుల్ని చూడ్డంతోనే గడిచింది.

ఇప్పుడు ఈ ఉద్యోగంలో చేరుతున్న పిల్లలు నన్ను కలిసినప్పుడు ఏ పరీక్ష రాస్తే ఏ పోస్టు వస్తుందని అడుగుతారు. ఆ సంగతులు నాకంటే వాళ్ళకే బాగా తెలుసు. నేను చెప్పగలిగేది చెరువు గురించే. చెరువంటే నీళ్ళు నిండిన గుంత అనుకునేవాళ్ళు దయచేసి వేరే శాఖ చూసుకోండి. మన దగ్గర అలాంటివాళ్ళు ఇప్పటికే కావలసినంతమంది ఉన్నారు.

ముందు దిగు, తర్వాత మాట్లాడు

నా మొదటి పై అధికారి కోస్తా మనిషి. మా జిల్లాకు వచ్చిన కొత్తలో ఎండకు, కారానికి ఒకే రకంగా కళ్ళనీళ్ళు పెట్టుకునేవాడు. కానీ పని తెలిసినవాడు. ఏ చెరువు దగ్గరికి వెళ్ళినా ప్యాంటు మోకాళ్ళ పైకి మడిచి ముందు నీళ్ళలోకి దిగేవాడు. ఊరివాళ్ళతో మాటలు ఆ తర్వాతే. నాకూ అదే చెప్పాడు. నేను చీర కుచ్చిళ్ళు దోపుకుని దిగడం నేర్చుకున్నాను. కట్ట మీద నిలబడి చూస్తే చెరువంతా ఒకటే నీళ్ళలా కనిపిస్తుంది. దిగితే ఒక చోట కాలికి వెచ్చగా, ఇంకో చోట చల్లగా తగులుతుంది. ఒక చోట ఇసుక, ఇంకో చోట జిగట బురద. ఆ తేడా కాలికి తెలియనివాళ్ళు చేపల గురించి ఎన్ని పాఠాలు చెప్పినా నేను నమ్మను.

చెరువులన్నీ ఎండిన ఒక ఏడాది ఆయన బీటలు వారిన అడుగు నుంచి మట్టిపెళ్ళ ఒకటి తెప్పించి, బకెట్లో వేసి నీళ్ళు పోసి ఆఫీసు కిటికీ దగ్గర పెట్టించాడు. మా గుమాస్తా తల గోక్కున్నాడు. వారం తిరగకముందే ఆ నీళ్ళలో కంటికి ఆనీ ఆనని పురుగులు కదలడం మొదలైంది. ఎండిన బురదలో గుడ్లు, విత్తనాలు వాన కోసం కాచుకుని ఉంటాయని పుస్తకంలో చదివాను గానీ నమ్మింది ఆ రోజే. మన చెరువు ఎండిపోతుంది తప్ప చచ్చిపోదు.

తర్వాత వచ్చిన పై అధికారికి ఫోటోల పిచ్చి. చేపపిల్లల్ని వదలాలంటే మంచి సమయం సాయంత్రం, మంచి చోటు పలచని అంచు. పిల్లలున్న ప్లాస్టిక్ సంచుల్ని కాసేపు చెరువు నీళ్ళలో తేలనిచ్చి, లోపలి నీళ్ళు, బయటి నీళ్ళు ఒకే వేడికి వచ్చాక మూతి విప్పాలి. ఈయన మిట్టమధ్యాహ్నం కట్ట మీద షామియానా వేయించి, ముఖ్య అతిథిని పిలిపించి, తూము దగ్గర లోతులోకి సంచులు బోర్లా కొట్టించాడు. కాస్త ఆగుదాం సార్ అంటే అతిథిగారికి ఇంకో ఊళ్ళో కార్యక్రమం ఉందన్నాడు. మర్నాడు కట్ట పొడవునా కాకులే. ఫోటో మాత్రం బాగా వచ్చింది. చేపపిల్లకు ముఖ్య అతిథి ఎవరో తెలియదు, దానికి నీళ్ళ వేడి ఒక్కటే తెలుసు.

చెరువులో మూడు కాపురాలు

నేత ఇంట్లో పుట్టినదాన్ని కాబట్టి నాకు చెరువును చూస్తే చీర గుర్తొస్తుంది. మా నాయన చీర చేతిలోకి తీసుకుంటే మొదట అంచే చూసేవాడు. నేనూ చెరువు దగ్గర అదే చేస్తాను.

అంచు అంటే ఎండ నేల దాకా దిగే పలచని నీళ్ళు. తుంగ, జమ్ము, నాచు పెరిగేది ఇక్కడే. ఆ గడ్డి కాడలను పట్టుకుని నత్తలు, తూనీగ పిల్లలు, చిన్న రొయ్యలు బతుకుతాయి. కప్ప గుడ్లు పెట్టేది ఇక్కడ, పరిగెలు తిరిగేది ఇక్కడ, కొర్రమీను తన పిల్లల గుంపును కాచుకునేది ఇక్కడ. వాటి కోసం కొంగలూ నీటికోళ్ళూ వస్తాయి. వాటి రెట్టలు మళ్ళీ నీళ్ళకు ఎరువు. చెరువు మొత్తంలో సందడి ఎక్కువ, మర్యాద తక్కువ ఉన్న వీధి ఇదే.

అంచు దాటి లోపలికి పోతే నడిమి నీళ్ళు. ఇక్కడ నేల కనపడదు, గడ్డి ఉండదు. అయినా వెలుగు ఉన్నంత లోతున కంటికి కనిపించని పచ్చటి నలుసులు కోట్లకొద్దీ తేలుతుంటాయి. చెరువు లేత పచ్చగా కనపడేది వాటి వల్లే. చెయ్యి నీళ్ళలో ముంచి అరచెయ్యి ఎక్కడ కనపడకుండా పోతుందో చూడండి. మోచేయి దాకా మునగకముందే మాయమైతే నీళ్ళు మరీ చిక్కబడ్డట్టు. భుజం దాకా దిగినా కనిపిస్తుంటే చేపకు తిండి లేనట్టు. పగలంతా ఆ నలుసులే నీళ్ళకు ప్రాణవాయువు ఇస్తాయి. బొచ్చె చేప పైపైన తిరుగుతుంది, శీలావతి నడుమ మేస్తుంది.

వెలుగు అందని అడుగు మూడోది. పైన చచ్చినవన్నీ చివరికి చేరేది అక్కడికే. వాటిని కుళ్ళబెట్టే సూక్ష్మజీవులు, ఎర్రటి సన్నపురుగులు, వాటిని వెతుక్కుంటూ బురద తవ్వే మోసు చేప, జెల్లలు. కుళ్ళడానికీ గాలి కావాలి. చెరువు పరుచుకుని ఉంటే గాలి తోలినప్పుడు పై నీళ్ళు కిందికి, కింది నీళ్ళు పైకి కలుస్తాయి. గోడ కట్టినట్టు లోతుగా తవ్విన గుంతలో ఎండాకాలం పై నీళ్ళు వేడెక్కి, మూతలాగా కూర్చుంటాయి. కింద చల్లటి నీళ్ళలో గాలి అయిపోయి, బురద నల్లబడుతుంది. ఈ ఒక్క ముక్క గుర్తు పెట్టుకోండి, ఇప్పుడు చెప్పబోయేదంతా దీని మీదే నిలబడింది.

ఓబుళరెడ్డి, సుంకమ్మ

కుందుర్పి వైపు ఒక ఊరు. పేరు రాయను. ఆ ఊరివాళ్ళు ఇప్పటికీ నాకు చింతపండు పంపుతారు, దాన్ని పోగొట్టుకోలేను. వాళ్ళ చెరువు చాలా ఏళ్ళు ఎండి, లోపలంతా తుమ్మచెట్లు మొలిచి ఉండేది. ఒక ఏడాది కాలువ నీళ్ళు వస్తాయన్న కబురు వచ్చింది. ఆ కబురు విని బెంగుళూరులో బిల్డింగు పనులకు పోయిన బెస్తవాళ్ళు కొందరు వెనక్కి వచ్చి చేపల సంఘం పెట్టుకున్నారు. సంఘం పెద్ద సుంకమ్మ. మాట మొరటు, మనసులో ఏమీ దాచుకోదు. ఆమె ఇంటి గోడకు ఒక జిప్పు సంచి ఎప్పుడూ తగిలించి ఉండేది. ఏమిటని అడిగితే, చీరలు, దుప్పటి, ఒక గిన్నె అని చెప్పింది. "చేపలు రాకపోతే మళ్ళా బెంగుళూరే కదా మేడం, సర్దేది ఏంటికి, తీసేది ఏంటికి" అంది.

చెరువు కమిటీ పెద్ద ఓబుళరెడ్డి. తులసిమాల వేసుకున్న మనిషి, చేప వాసన గిట్టదు. ఆయన చీనీ తోట, అదే బత్తాయి తోట, కరువులో ఎండిపోతే చెట్లను తన కళ్ళ ముందే కొట్టించి, మళ్ళీ మొక్కలు నాటినవాడు. నీళ్ళు రాకముందే చెరువంతా లోతు చేయించాలని యంత్రాలు దింపాడు. ఎగువన పలచగా నీళ్ళు పరుచుకునే చోటును కూడా తవ్వి, చుట్టూ నిలువు గట్టు చేయాలన్నది ఆయన ఉద్దేశం. ఈ తప్పు గోదావరి ఒడ్డువాళ్ళు చేయరు, మావాళ్ళే చేస్తారు. పలచని నీళ్ళను చూస్తే మా జిల్లా మనిషికి కడుపు తరుక్కుపోతుంది.

నేను వెళ్ళి అంచు వదలమన్నాను. చేపపిల్లలు పెరిగేది అక్కడే అన్నాను. ఆయన కోప్పడలేదు. "మోకాటి లోతు నీళ్ళు ఎవురికమ్మా? రెండు నెల్లు తిరిగేసరికి ఎండకే పోతాయి. అదే లోతులో ఉంటే నా బోరులోకైనా దిగుతాయి. గడ్డి పెంచేదానికా మేము ఇన్నేండ్లు కాచుకోని ఉండేది?" అన్నాడు. నీళ్ళ లెక్కలో ఆయన మాట తప్పు కాదు. పలచని నీళ్ళు త్వరగా ఆవిరవుతాయి. అది ఒప్పుకుంటూనే, మిగిలే నీళ్ళు బతికుండాలి కదా రెడ్డన్నా అన్నాను. నీళ్ళు బతికుండడమేమిటని నవ్వాడు. అప్పటి మా పై అధికారి, తవ్వకం మన పని కాదు, చేపపిల్లల్ని వదిలి రా అని ఫోన్లో చెప్పాడు.

ఆ ఏడు గెలిచింది నా వాదన కాదు. యంత్రాలు తూర్పు సగం తవ్వేసరికి కాలువ నీళ్ళు అనుకున్నదానికంటే ముందే వచ్చేశాయి. తూర్పున నిలువు గోడ, దాని వెనక మట్టి దిబ్బలు. పడమర పాత వాలు అలాగే మిగిలింది. అక్కడ తుంగ మొలిచింది, నత్తలు చేరాయి, ఎక్కడినుంచి వచ్చాయో కొంగలు దిగాయి. ఒక సాయంత్రం ఆ వైపే చేపపిల్లల్ని వదిలాం. ఓబుళరెడ్డి కట్ట మీద కనిపించినప్పుడల్లా నీ గడ్డి బాగుండాదా అమ్మా అని పలకరించేవాడు. బాగుంది, మీ గుంత ఎట్లుంది అని నేనూ అడిగేదాన్ని.

వాన పడిన తెల్లవారి

ఎండాకాలం వచ్చి నీళ్ళు తగ్గాయి. పడమర వాలు ఉంది కాబట్టి, అంచు కూడా నీళ్ళతోపాటు కిందికి దిగుతూ వచ్చింది. తూర్పున మాత్రం గోడ కింద చిక్కటి నీళ్ళు కదలకుండా నిలిచాయి. ముంగారు మబ్బులు, తొలకరివి, పట్టి కొన్నాళ్ళు ఎండ లేకుండా పోయింది. తర్వాత ఒక సాయంత్రం పెద్ద గాలీ వానా కొట్టాయి. ఊరంతా సంబరపడింది. మర్నాడు వెలుగు రాకముందే సుంకమ్మ ఫోన్ చేసింది. చేపలన్నీ నోళ్ళు పైకి పెట్టినాయి మేడం అంది.

అప్పుడు నేను కళ్యాణదుర్గంలో ఉండేదాన్ని. జీపులో వెళ్ళేసరికి తెల్లవారుతోంది. చల్లటి వాన నీళ్ళు పైన పడి, గుంత అడుగున ఉన్న చెడ్డ నీళ్ళను పైకి తోసేశాయి. తూర్పు సగమంతా నల్లగా మారి, కుళ్ళిన గుడ్డు కంపు కొడుతోంది. మోసు చేపలు అప్పటికే వెల్లకిలా తేలాయి. తక్కినవన్నీ పడమర పలచని నీళ్ళలోకి వచ్చి, ఒకదాని మీద ఒకటి పడుతూ నోళ్ళు తెరుస్తున్నాయి. దిబ్బల అడ్డు లేని ఆ వైపే కాస్త గాలి ఆడుతోంది.

సంఘంలో మగవాళ్ళు వలలు తెచ్చేశారు. చేతికి అందుతాండాయి, ఇప్పుడు పట్టకపోతే అవీ చస్తాయి అంటున్నారు. పడితే ఏమవుతుందో సుంకమ్మకు తెలుసు. అవి ఇంకా చిన్నవి. ఆ ఏడాది కూలి అంతా ఒక్క పొద్దున చవగ్గా పోతుంది, ఆ వారంలోనే అందరూ బెంగుళూరు బస్సు ఎక్కాలి. ఆమె వలలకు అడ్డంగా నిలబడి నా వైపు చూసింది. ఎండ వచ్చి, నీటిలో పచ్చదనం మళ్ళీ పని మొదలుపెట్టేదాకా నీళ్ళకు గాలి పట్టించాలని చెప్పాను. దానికి ఇంజను కావాలి, నీళ్ళను పైకి చిమ్మే రెయిన్ గన్ కావాలి. శనక్కాయ చేలు ఎండుతుంటే తడి పెట్టడానికి వాడే ఆ పెద్ద గన్ను ఆ ఊళ్ళో ఓబుళరెడ్డికే ఉంది.

నేను వెళ్తానన్నాను. సుంకమ్మ ఒప్పుకోలేదు, తానే ముందు నడిచింది. ఓబుళరెడ్డి వాకిట్లో పళ్ళు తోముకుంటున్నాడు.

"రెడ్డీ, నీ ఇంజనూ గన్నూ కావల్ల" అంది.

"ఏ చేనికి?"

"చెరువుకు."

"చెరువు నీళ్ళు తీసి యాడ కొట్టాల?"

"చెరువులోనే."

ఆయన పుల్ల నోట్లోంచి తీసి మమ్మల్నిద్దరినీ చూశాడు. చెట్టు మొదట్లో బొట్టు బొట్టుగా నీళ్ళు పెట్టి బతికిన మనిషి. నీళ్ళు తీసి మళ్ళీ నీళ్ళ మీదే పోయమంటే ఏమంటాడు? నేను ప్రాణవాయువు గురించి చెప్పాను. ఆయన ముఖంలో ఒక్క ముక్క ఎక్కినట్టు కనపడలేదు. అయినా చొక్కా వేసుకుని మా వెంట వచ్చాడు. అది ఆయన మర్యాద.

మాటలతో పని కాదని నాకు అర్థమైంది. చెరువు దగ్గర ఆయన్ని పడమర వైపు నుంచి నీళ్ళలోకి దిగమన్నాను. పంచె ఎగగట్టి దిగాడు. చేపలు ఆయన కాళ్ళకు తగులుతున్నా పక్కకు పోవడం లేదు. తర్వాత తూర్పు గట్టు మీద నుంచి ఒక చెంబు నీళ్ళు తోడించి ఆయన చేతికిచ్చాను. వాసన చూశాడు. మళ్ళీ చూశాడు.

"ఇది పాడుబాయి అడుగు కంపు కదమ్మా" అన్నాడు.

మా వైపు కరువుల్లో పాత బావులను లోతు చేయడానికి దిగేవాళ్ళు. దిగేముందు తాడుకు దీపం కట్టి లోపలికి వదులుతారు. దీపం ఆరిపోతే అక్కడ ఊపిరాడదని లెక్క. అప్పుడు వేపమండల మోపు కట్టి, తాడుతో పైకీ కిందికీ ఆడించి, చెడ్డగాలి పోగొట్టి, మళ్ళీ దీపం వదిలి చూస్తారు. ఓబుళరెడ్డి వయసులో ఉన్నప్పుడు తన బావిలోకి అలా దిగినవాడే.

"దీపం ఆరిపోయిన బాయిలో ఉండాయి ఇవి" అన్నాడు. "నువ్వు అడిగేది మండ ఆడించేదానికి."

"అంతే రెడ్డన్నా" అన్నాను.

ఇంజను చీనీ తోట నుంచి ట్రాక్టరు మీద వచ్చింది. పడమర వైపు పైపు వేసి, గన్ను నీళ్ళ మీదికి తిప్పి కొట్టించాం. ఊరి పెద్దలు కట్ట మీద నిలబడి, రెడ్డికి మతి పోయిందని గట్టిగానే అనుకున్నారు. ఆయనకు వినపడింది. తల తిప్పలేదు. ఇంకో రైతు వచ్చి చూసి, ఏమనుకున్నాడో, తన ఇంజను కూడా తెచ్చాడు. వానలాగా నీళ్ళు ఎగిరి పడుతుంటే చేపలు ఆ జల్లు కిందికి చేరాయి. సుంకమ్మ మొలలోతు నీళ్ళలో నిలబడి ఎవరినీ వల వేయనివ్వలేదు. ఆ పొద్దున నాకు నిజంగా భయం వేసింది. నా మాట తప్పైతే వాళ్ళకు ఆ చవక చేపలు కూడా మిగలవు.

ఎండ బాగా ఎక్కాక, పైకి తేలిన నోళ్ళు తగ్గాయి. తర్వాత చూస్తే నీళ్ళ మీద జల్లు తప్ప ఏమీ లేదు. అన్నీ బతకలేదు, మోసులు బుట్టలకొద్దీ పోయాయి. తక్కినవి లోపలికి మళ్ళాయి. సుంకమ్మ ఒడ్డుకు వచ్చి కూర్చుని, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. నాకూ కళ్ళు తడిశాయి. జల్లు పడిందని చెప్పుకున్నాను.

తొలి చేప

ఆ ఊళ్ళో ఒక ఆచారం ఉంది. చెరువులో చేపలు పట్టిన రోజు, తొలి వలలో పెద్దది చెరువు పెద్ద ఇంటికి పంపాలి. ఓబుళరెడ్డి పెద్దరికంలో అది ఎప్పుడూ జరగలేదు. చేపలే లేవు, ఉన్నా ఆయన గడప దాటనివ్వడు. ఆ ఏడు పట్టుబడి బాగా వచ్చింది. సుంకమ్మ ఒక పెద్ద బొచ్చెను బుట్టలో పెట్టుకుని ఆయన వాకిట్లో దించింది. తినేది ల్యాకపోయినా ఇయ్యాల్సింది ఇయ్యల్ల రెడ్డీ అంది. ఆయన కూర్చుని, చేప చెంపను వేలితో ఎత్తి, లోపల ఎర్రటి మొప్పలు చూశాడు. ఇది ఊపిరి తీసుకునేది ఈడనేనా అమ్మా అని నన్ను అడిగాడు. అవునన్నాను. ఆ చేపను కూలివాళ్ళకు ఇప్పించి, చెయ్యి మూడుసార్లు కడుక్కున్నాడు.

మరుసటి ఏడు కాలువ నీళ్ళు సరిగా రాలేదు. ఎండాకాలానికి చెరువు మళ్ళీ అడుగంటింది. ఆయన బోరు కూడా ముందే ఆగింది, చీనీ చెట్లు కొన్ని ఎండాయి. పడమర అంచు తవ్వి ఉంటే ఆ బోరు ఇంకొన్నాళ్ళు ఆడేదేమో. కాదని నేను ప్రమాణం చేయలేను. అందుకే మిగిలిన సగం తవ్వడానికి యంత్రాలు వస్తున్నాయని తెలిసినప్పుడు, ఆయన్ని ఆపమనడానికి నాకు నోరు రాలేదు. ఊరికే చూసి వద్దామని వెళ్ళాను.

పడమర వాలు పొడవునా డ్రిప్పు పైపులకు దిగ్గొట్టే పుల్లలు వరసగా పాతి, తాడు కట్టి ఉంది. ఆ తాడుకు ఇవతల ఓబుళరెడ్డి గొడుగు వేసుకుని నిలబడి ఉన్నాడు. యంత్రం నడిపే మనిషి, మంచి మట్టంతా ఈ పక్కనే ఉండాదే, ఏంటికి వదిలిపెడతాండావని అడుగుతున్నాడు.

"ఈ పక్క ముట్టొద్దప్పా" అన్నాడు ఓబుళరెడ్డి. "ఇది చెరువుకు ముక్కు. ఆ పక్క గోడను గూడా కొంచెం వాలుగా కొట్టు."

నన్ను చూసి పలకరించాడు గానీ ఆ సంగతి ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. సుంకమ్మ ఇంటికి వెళ్ళి మంచినీళ్ళు తాగాను. గోడకు ఆ జిప్పు సంచి అలాగే ఉంది. నీళ్ళు లేని ఏడు కదా, సర్దుకుంటున్నావా అని అడిగాను. ఆమె దాన్ని దించి జిప్పు లాగింది. లోపల మడతపెట్టిన వల ఉంది. "ఎలుకలు కొరుకుతాండాయి మేడం" అంది. "నీళ్ళొచ్చేదాకా భద్రంగా ఉండల్ల కదా."